లైసెన్సూ వద్దు, ఆమె మీద కేసూ వద్దు

గౌరవనీయులైన తెలుగు రాష్ట్రాల పార్లమెంటు సభ్యులకు,

నమస్కారం. లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ వాళ్లు 25 మంది, తెలంగాణ వాళ్లు 17 మంది, రాజ్యసభలో రెండు రాష్ట్రాలకూ కలిపి 18 మంది. మీ 60 మందికీ ఒకే ఉత్తరం రాస్తున్నాను. విడివిడిగా పంపితే పీఏ గారి బల్ల దాటి లోపలికి రాదేమోనన్న అనుమానంతో ఇలా బహిరంగంగా రాయాల్సి వస్తోంది.

వ్యభిచారాన్ని చట్టబద్ధం చేస్తే ఆడపిల్లల అక్రమ రవాణా తగ్గుతుందా, పెరుగుతుందా అన్నది విషయం. ఇది ఓట్లు తెచ్చే విషయం కాదని నాకూ తెలుసు. కానీ చట్టం మార్చగలిగేది మీరే. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో మేం 'పీటా' అని పిలిచే 1956 నాటి అనైతిక రవాణా నిరోధక చట్టం కేంద్రానిది. దానికి తోడుగా అక్రమ రవాణా మీద సమగ్రంగా ఒక కొత్త చట్టం తెస్తామని 2018లో బిల్లు పెట్టారు. లోక్‌సభ దాటింది, రాజ్యసభ దాటకుండానే 2019లో మురిగిపోయింది. 2021లో మరో ముసాయిదా బయటికి వచ్చింది, అది ఇంకా చట్టం కాలేదు.

నేను అనంతపురం వైపు కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్ని. లీగల్ ఎయిడ్ తరఫున పీటా కేసుల్లో పట్టుబడిన ఆడవాళ్లకు వకాల్తా వేస్తుంటాను. నా మాట ముందే చెప్పేస్తాను. ఆ పనిలో ఉన్న ఆడమనిషిని ముద్దాయిని చేసే సెక్షన్లన్నీ తీసేయండి. ఆమెను పెట్టుకుని వ్యాపారం చేసేవాడికి మాత్రం లైసెన్సు ఇవ్వకండి. టీవీ చర్చల్లో ఈ రెండింటినీ ఒకే మూట కట్టి, ఔననాలా కాదనాలా అని అడుగుతారు. ఔనంటే వ్యాపారి బాగుపడతాడు, కాదంటే పోలీసు బాగుపడతాడు. ఆమె గతి మాత్రం మారదు.

ముందు ఇప్పుడున్న చట్టం సంగతి చూద్దాం. పద్దెనిమిదేళ్లు దాటిన ఆడమనిషి తన ఇష్టంతో డబ్బు తీసుకుని ఈ పని చేయడం మన దేశంలో నేరం కాదు. ఇల్లు నడపడం, మనిషిని తేవడం, నిర్బంధించడం, ఆ సంపాదన మీద బతకడం నేరాలు. వినడానికి బాగానే ఉంటుంది. తర్వాత సెక్షన్ 7 చదవండి. గుడి, బడి, హాస్టల్, ఆసుపత్రి లాంటి చోట్లకు 200 మీటర్ల లోపు అయితే ఆమెకూ శిక్షే. మన ఊళ్లలో గుడికీ బడికీ 200 మీటర్లు దాటిన జాగా ఎక్కడుందో నాకైతే తెలియదు. సెక్షన్ 8 ప్రకారం పిలిచినా, సైగ చేసినా ఆరు నెలల దాకా జైలు. అదే నేరం మగవాడు చేస్తే మూడు నెలలు దాటదు. నమ్మకం కుదరకపోతే చట్టం తెరిచి చూడండి, అలాగే రాసి ఉంటుంది. ఇక సెక్షన్ 2లో 'వ్యభిచార గృహం' అన్నదానికి ఇచ్చిన నిర్వచనం ప్రకారం ఇద్దరు ఆడవాళ్లు తోడు కోసం ఒకే గదిలో ఉండి ఎవరి సంపాదన వాళ్లు చూసుకున్నా అది వ్యభిచార గృహమే. సెక్షన్ 4 ప్రకారం ఆమె సంపాదనతో చదువుకునే పద్దెనిమిదేళ్లు దాటిన కొడుకు, మంచం పట్టిన తల్లి కూడా నేరస్తులు కావచ్చు. సెక్షన్ 17 కింద 'రక్షించిన' ఆడమనిషిని ఏడాది నుంచి మూడేళ్ల దాకా సంరక్షణ హోమ్‌లో ఉంచమని మేజిస్ట్రేటు ఆర్డరు వేయొచ్చు. ఏ నేరమూ రుజువు కాకుండానే మూడేళ్లు.

కాగితం మీది సంగతి అది. కోర్టులో ఎలా ఉంటుందో చూడండి.

రైడ్ జరిగిన మర్నాడు ఉదయం ఆడవాళ్లను జీపు దించి వరండాలో గోడకు ఆనించి కూర్చోబెడతారు. మొహాల నిండా చున్నీ. పేపరు వాళ్లు ఫొటోలు తీసుకుంటారు. 'వ్యభిచార ముఠా గుట్టు రట్టు' అన్న హెడ్డింగ్ రాత్రే రెడీ అయి ఉంటుంది. ఎఫ్‌ఐఆర్ ఎప్పుడూ 'నమ్మదగిన సమాచారం మేరకు' అని మొదలవుతుంది. విటుల పేర్లు చాలాసార్లు సాక్షుల జాబితాలో తేలతాయి, లేదంటే అసలు తేలవు. సెక్షన్ 8 కేసయితే ఆమె నేరం ఒప్పేసుకుంటుంది, ఎందుకంటే ఒప్పుకుంటే సాయంత్రానికి బయటపడుతుంది. జరిమానా అయిదు వందలు. ఆ అయిదు వందలు కట్టేది ఆమె కాదు. ఇల్లు నడిపే మేడమ్ పంపిన మనిషి ఒకడు తెల్లచొక్కా వేసుకుని కౌంటర్ దగ్గర ముందే నిలబడి ఉంటాడు. డబ్బు కడతాడు, రసీదు మడిచి జేబులో పెట్టుకుంటాడు. ఆ రసీదు మేడమ్ నోటుపుస్తకంలో ఆమె పేరు కింద అప్పుగా ఎక్కుతుంది. దానితోపాటు లాయరు ఫీజు, జామీను ఖర్చు, స్టేషన్ ఖర్చు, రైడ్ వల్ల ఇల్లు మూసుకున్న రోజుల నష్టం కూడా. ఒక్క రైడ్‌తో అయిదు వందల జరిమానా యాభై వేల అప్పుగా మారడం నేను చూశాను. అప్పు తీరేదాకా కదలడానికి వీల్లేదు. అంటే ఆమెను కాపాడటానికని రాసిన చట్టం ఆమె అప్పు పెంచి, అమ్మినవాడి చేతిలో ఇంకొన్నాళ్లు ఉంచుతోంది. అక్రమ రవాణా పెరగడానికి చట్టబద్ధతే అక్కర్లేదు, ఈ సెక్షన్ 8 కూడా తన వంతు సాయం చేస్తోంది.

ఇంకో సంగతి. తనను అమ్మినవాడి పేరు ఆమె పోలీసుకు చెబితేనే కదా కేసు నిలబడేది? ఆ పోలీసే నిన్న ఆమెను గోడకు ఆనించి కూర్చోబెట్టినవాడు. హోమ్‌లో పడేస్తారన్న భయంతో ఊరు తప్పు చెబుతుంది, పేరు తప్పు చెబుతుంది, 'నేనే వచ్చాను' అంటుంది. మూడేళ్ల తర్వాత విచారణకు పిలుపు వచ్చేసరికి ఆ అడ్రసులో ఆమె ఉండదు. నిందితుడు మాత్రం ప్రతి వాయిదాకూ టైముకే వస్తాడు.

ఇవన్నీ ఢిల్లీకి కొత్తేమీ కాదు. 2006లోనే సెక్షన్ 8నూ, ఆమెను ఊరు వదిలిపొమ్మని మేజిస్ట్రేటు ఆర్డరు వేయగలిగే సెక్షన్ 20నూ ఎత్తేస్తూ ప్రభుత్వం సవరణ బిల్లు పెట్టింది. అప్పుడు మహిళా శిశు అభివృద్ధి శాఖ మంత్రి మన ఖమ్మం ఎంపీ రేణుకా చౌదరి గారు. అదే బిల్లులో విటులకు శిక్ష వేసే క్లాజు ఒకటి ఉంది. దాని దగ్గర పేచీ వచ్చింది, ఎయిడ్స్ నివారణ పనికి అడ్డమని ఆరోగ్య శాఖ వైపు నుంచి అభ్యంతరాలు వచ్చాయి. చివరికి బిల్లు మొత్తం 2009లో ఆ లోక్‌సభతోపాటే కాలం చేసింది. విటుడి సంగతి తేలలేదని ఆమె మీది కేసులు కూడా అలాగే ఉండిపోయాయి. రేణుకా చౌదరి గారు ఇప్పుడు రాజ్యసభలో మీ మధ్యే ఉన్నారు, ఆ ఫైలు కథ ఆమెకు నాకంటే బాగా తెలుసు.

2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు తర్వాత 'వ్యభిచారం లీగల్ అయిపోయింది' అని వాట్సాప్‌లో తెగ తిరిగింది. అలాంటిదేమీ లేదు. బుద్ధదేవ్ కర్మాస్కర్ కేసులో జస్టిస్ లావు నాగేశ్వరరావు గారి ధర్మాసనం రాజ్యాంగం 142వ అధికరణం కింద కొన్ని ఆదేశాలిచ్చింది. పోలీసులు మర్యాదగా నడుచుకోవాలి, పత్రికలు, టీవీలు ఈ ఆడవాళ్ల గుర్తింపు బయటపెట్టకూడదు, కండోమ్‌లను నేరానికి సాక్ష్యంగా చూపకూడదు, ఇష్టం లేకుండా హోమ్‌లలో ఉంచిన, పద్దెనిమిదేళ్లు దాటిన ఆడవాళ్లు ఎంతమందో సర్వే చేసి వదిలిపెట్టాలి. ఆధార్ కార్డులు ఇప్పించాలి. ఈ కేసులో కోర్టు వేసిన ప్యానెల్ చేసిన మరికొన్ని సిఫార్సుల మీద కేంద్రం తన అభ్యంతరాలు చెప్పింది. చట్టం వచ్చేదాకా ఈ ఏర్పాటు అన్నారు. ఆ చట్టం చేయాల్సింది మీరు.

ఇక లైసెన్సుల సంగతికి వస్తాను. దీన్ని సమర్థించేవాళ్లలో మంచి మనసున్నవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల వాదన తేలికగా కొట్టిపారేసేది కాదు. చాటుగా సాగే వ్యాపారాన్ని వెలుగులోకి తెస్తే తనిఖీ ఉంటుంది, వైద్య పరీక్షలుంటాయి, మైనర్లు దొరికిపోతారు, తన ఇష్టంతో పనిచేసేవాళ్లు చాలినంతమంది ఉంటారు కాబట్టి ఎత్తుకొచ్చేవాడికి గిరాకీ పోతుంది అంటారు. ఆచరణలో ఎలా జరిగిందో చూడటానికి పాతికేళ్ల అనుభవం ప్రపంచం ముందుంది.

నెదర్లాండ్స్ 2000 అక్టోబరులో వ్యభిచార గృహాల మీద నిషేధం ఎత్తేసింది. ఆ తర్వాత కొన్నేళ్లకే పోలీసులు ఒక పెద్ద ముఠాను పట్టుకున్నారు. ఆ ముఠా కొట్టి, బెదిరించి పని చేయించిన ఆడవాళ్లు లైసెన్సున్న అద్దాల గదుల్లోనే, అందరూ చూస్తుండగానే నిలబడ్డారు. ఆ అనుభవాలతో ఆమ్‌స్టర్‌డామ్ నగరమే 2007 నుంచి అలాంటి గదులు కొన్నింటిని మూయించే పని పెట్టుకుంది. జర్మనీ 2002లో ఇంకా ముందుకు వెళ్లి, దీన్ని మామూలు ఉపాధిలా చూసింది. పని ఒప్పందాలు, పెన్షన్, ఆరోగ్య బీమా వస్తాయన్నారు. అయిదేళ్ల తర్వాత ప్రభుత్వమే సమీక్షిస్తే ఉద్యోగ ఒప్పందం ఉన్నవాళ్లు సర్వే చేసినవాళ్లలో నూటికి ఒకరు. స్టుట్‌గార్ట్ దగ్గర టీవీల్లో ఇంటర్వ్యూలిస్తూ 'శుభ్రమైన వ్యాపారం' అని చెప్పుకున్న ఒక భారీ వ్యభిచార గృహం యజమానికి 2019లో అయిదేళ్ల జైలు పడింది. తన దగ్గరకు ముఠాలు అమ్మాయిలను తెచ్చి పెడుతున్నారని తెలిసీ సహకరించినందుకు. ఆయన గదులు నిండాలంటే మనుషులు కావాలి, స్థానికంగా అంతమంది రాలేదు, అందుకని తెచ్చేవాళ్లతో కలిశాడు. అంత పెద్ద ఇల్లు కట్టినవాడికి వేరే దారి ఉందా అని ఒక్క క్షణం ఆలోచించండి. 2017లో జర్మనీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. 2019 చివరికి పేరు నమోదు చేయించుకున్నవాళ్లు 40,400 మంది. అందులో జర్మన్లు అయిదుగురిలో ఒకరే. మూడో వంతుకు పైగా ఒక్క రొమేనియా నుంచి. రొమేనియా పేద పల్లెలకూ జర్మనీకీ మధ్య ఉన్న తేడా మనకు కొత్తది కాదు, మా జిల్లాకూ పుణేకూ మధ్య అలాంటి తేడాయే ఉంది.

లెక్కలు కావాలనే వాళ్లకు ఒక పరిశోధన ఉంది. 2013లో చో, డ్రెహర్, నోయ్‌మాయర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు దాదాపు 150 దేశాల సమాచారం తీసి చూశారు. చట్టబద్ధం చేసినప్పుడు కొనేవాళ్లు పెరిగి బజారు పెద్దదవడం ఒకవైపు, ఇష్టంతో వచ్చేవాళ్లు దొరికి ఎత్తుకొచ్చే అవసరం తగ్గడం ఇంకోవైపు. రెండూ జరుగుతాయి, కానీ మొదటిదే ఎక్కువ, సగటున చట్టబద్ధం చేసిన దేశాలకే అక్రమ రవాణా ఎక్కువగా నమోదవుతోంది అని తేల్చారు. దీన్ని పట్టుకుని ఊగిపోకూడదు. వాళ్లు చూసింది బయటపడిన కేసుల సమాచారం. బాగా వెతికే దేశంలో ఎక్కువ కనబడతాయి. మన దగ్గరే చూడండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 2,250 అక్రమ రవాణా కేసులు నమోదైతే అందులో 391 తెలంగాణవే, దేశంలో మొదటి స్థానం. తెలంగాణలోనే ఎక్కువమందిని అమ్ముతున్నారని దాని అర్థమా? అక్కడి పోలీసులు పీటాతోపాటు అక్రమ రవాణా సెక్షన్ కూడా పెడుతుండటం దానికి ఒక కారణం కావచ్చు. ఆ ముగ్గురు కూడా తమ ఫలితం చూసి నిషేధించేయమని చెప్పలేదు, చట్టబద్ధత వల్ల ఆ పనిలో ఉన్నవాళ్లకు కలిగే మేలు కూడా చూసుకోవాలన్నారు. అందుకే నేను ఆ ఒక్క అంకె మీద ఆధారపడను. బజారు పెరిగితే మనుషులను ఎక్కడినుంచి తెస్తారు, తెచ్చేటప్పుడు చూసేవాడెవడు అన్న రెండు ప్రశ్నలే అడుగుతాను.

మొదటిదానికి జవాబు మా ఉమ్మడి అనంతపురం జిల్లా చెబుతుంది. కదిరి చుట్టుపక్కల మండలాల నుంచి పుణే బుధవార్ పేటకూ, ఢిల్లీ జీబీ రోడ్డుకూ, భివండీకీ ఆడవాళ్లు ఎలా చేరారో రెండు దశాబ్దాలుగా పత్రికలు రాస్తూనే ఉన్నాయి. వేరుశనగ ఎండిపోయిన ఏడాది, బోరు వేసి నీళ్లు పడని ఏడాది, మొగుడు అప్పు చేసి పోయిన ఏడాది ఏజెంటు వస్తాడు. తెలియనివాడు కాదు. చాలాసార్లు ఆడమనిషే, దూరపు చుట్టమే, ఒకప్పుడు తానే అలా వెళ్లొచ్చినదే. ఇళ్లలో పని, పదిహేను వేల జీతం, ముందుగా చేతికి పది వేలు. తాళం వేసి తీసుకెళ్లే ఏజెంటు సినిమాల్లోనే కనిపిస్తాడు. ఇక్కడ అప్పు వేసి తీసుకెళతారు. అంగీకార పత్రం కావాలంటే అదీ తెస్తారు. అప్పు కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నవాడికి 'నా ఇష్టపూర్వకంగా పనిచేస్తున్నాను' అన్న ఫారం మీద వేయించుకోవడం ఎంతసేపు? వయసు కావాలంటే ఆధార్‌లో పుట్టిన తేదీ దిద్దించి తెస్తారు. లైసెన్సు ఇచ్చిన మర్నాటి నుంచి ఆ ఇంట్లోకి పోలీసు వెళ్లాలంటే ఫిర్యాదు కావాలి. ఆ ఫిర్యాదే రాదని పైన చెప్పాను.

రెండోదానికి, అంటే చూసేవాడెవడు అన్నదానికి, ఇటుక బట్టీ దాకా వెళ్లిరండి చాలు. వెట్టిచాకిరీ 1976లో రద్దయింది. ఒడిశా బలంగీర్ నుంచి అడ్వాన్సు ఇచ్చి తెచ్చిన కుటుంబాలు తెలంగాణ బట్టీల్లో పిల్లలతో సహా పనిచేస్తుంటే ఇప్పటికీ అధికారులు విడిపిస్తూనే ఉన్నారు. బట్టీ ఆరుబయట ఉంటుంది, రోడ్డు మీద వెళ్లే బస్సులోంచి కూడా కనిపిస్తుంది. అక్కడి కనీస వేతనం చూడలేని కార్మిక శాఖ, మూసిన తలుపు వెనక 'ఆమె వద్దంటే వద్దన్నట్టే' అన్న నిబంధన అమలు చేస్తుందని నమ్మమంటారా? 2018లో యాదగిరిగుట్టలో ఏం జరిగిందో గుర్తుందా? రాచకొండ పోలీసులు చిన్నచిన్న ఆడపిల్లలను విడిపించారు. తొందరగా ఎదగాలని హార్మోన్ ఇంజెక్షన్లు ఇప్పించారని పోలీసులే చెప్పారు. అది రోజూ వేలమంది భక్తులు వచ్చిపోయే ఊరు. తనిఖీ చేసేవాళ్లు లేక కాదు, తనిఖీ అంటే అక్కడ ఏమిటో అందరికీ తెలుసు.

లైసెన్సు మనకు కొత్తదేమీ కాదన్న సంగతి కూడా చాలామంది మరిచారు. తెల్లదొరలు తమ సైనికులకు సుఖరోగాలు సోకుతున్నాయని 1868లో అంటువ్యాధుల చట్టం తెచ్చి, ఆడవాళ్లను రిజిస్టరు చేసి, పరీక్షలు చేసి, రోగం ఉంటే 'లాక్ హాస్పిటల్'లో బంధించారు. కంటోన్మెంట్లలో ఈ పద్ధతి అంతకుముందు నుంచే ఉంది. సికింద్రాబాద్, బళ్లారి ఆ జాబితాలో ఉన్నవే. రిజిస్టరు కాకుండా పారిపోయినవాళ్లను పట్టుకోవడమే పోలీసుల పనైపోయింది, రోగాలు తగ్గలేదు, 1888లో చట్టాన్ని ఎత్తేశారు. కార్డు ఉన్నవాళ్లు, కార్డు లేనివాళ్లు అని రెండు రకాలు తయారైతే లేనివాళ్లే చవకగా దొరుకుతారు. జర్మనీలో రిజిస్ట్రేషన్ పెట్టాక కూడా లెక్కకు రానివాళ్లు చాలామందే మిగిలారు.

న్యూజిలాండ్ మాటేమిటి అని మీలో చదువుకున్నవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. 2003లో అక్కడ ఒకే ఒక్క ఓటు తేడాతో, 60కి 59, చట్టం నెగ్గింది. ఆడవాళ్ల మీద కేసులన్నీ పోయాయి. నలుగురి దాకా కలిసి, ఎవరి డబ్బు వాళ్లు చూసుకుంటూ పనిచేస్తే ఏ ధ్రువపత్రమూ అక్కర్లేదు. 2014లో ఒక సెక్స్ వర్కర్ తనను లైంగికంగా వేధించిన నిర్వాహకుడి మీద మానవ హక్కుల ట్రిబ్యునల్‌లో ఫిర్యాదు చేసి గెలిచి, 25 వేల డాలర్ల పరిహారం తీసుకుంది. ఆ పనిలో ఉన్న ఆడమనిషి 'నన్ను వేధించాడు' అని ట్రిబ్యునల్ మెట్లెక్కడం మా కోర్టు వరండాలో ఊహించుకోలేను. ఆ భాగం మనకు కావాలి, వెంటనే కావాలి. కానీ అక్కడ చట్టంలో 19వ సెక్షన్ ఒకటి ఉంది. ఈ పని కోసం వీసా ఇవ్వరు, తాత్కాలిక వీసా మీద వచ్చినవాళ్లు ఈ పని చేయకూడదు. చుట్టూ సముద్రం ఉన్న, అరకోటి జనాభా ఉన్న దేశం కాబట్టి ఆ కట్టుబాటు పెట్టుకోగలిగింది. దానివల్ల అక్కడున్న వలస ఆడవాళ్లు పోలీసులకు భయపడి చాటుగా పనిచేస్తున్నారన్న విమర్శ వేరే ఉంది. కదిరికీ పుణేకూ మధ్య చెక్‌పోస్టు ఏది? నేపాల్ సరిహద్దు తెరిచే ఉంది. హైదరాబాద్ పహాడీషరీఫ్‌లో బంగ్లాదేశ్ అమ్మాయిలు దొరికిన కేసు 2019లో ఎన్ఐఏ దాకా వెళ్లింది. అక్కడి చట్టాన్ని తెచ్చుకోవచ్చు గానీ అక్కడి సముద్రాన్ని తెచ్చుకోలేం.

స్వీడన్ దారి ఇంకొకటి. 1999 నుంచి అక్కడ అమ్మడం నేరం కాదు, కొనడం నేరం. నార్వే, ఫ్రాన్స్ లాంటివి ఆ దారి పట్టాయి. వీధుల్లో కనబడే వ్యాపారం సగానికి తగ్గిందని స్వీడన్ ప్రభుత్వం 2010లో చెప్పుకుంది. న్యాయంగా నాకు నచ్చిన సూత్రమే. మన దగ్గర అమలు చేస్తే ఏమవుతుందో మాత్రం ఊహించగలను. లాడ్జి దగ్గర పట్టుబడ్డ ప్రతి మగాడి దగ్గరా స్టేషన్‌లో సెటిల్‌మెంటు. కేసు కట్టేది డబ్బు లేనివాడి మీద. ఆమె ఇంకా చీకటి సందుకు పోవాల్సి వస్తుంది. అందుకని అంత దూరం ఇప్పుడే వద్దంటాను. ఉన్న ఆయుధం వాడండి. భారతీయ న్యాయ సంహిత 144 ప్రకారం అక్రమంగా తెచ్చిన మనిషని తెలిసీ, లేదా అలా నమ్మడానికి కారణం ఉండీ ఆమెను లైంగికంగా వాడుకున్నవాడికి మూడేళ్లకు తగ్గని జైలు. ఇది కొత్తదేమీ కాదు, 2013 నుంచి ఐపీసీలో 370ఏగా ఉన్నదే. ఛార్జిషీట్లలో విటుడి మీద ఈ సెక్షన్ ఎంత అరుదో ఏ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని అడిగినా చెబుతారు.

లైసెన్సు కోరేవాళ్లలో సెక్స్ వర్కర్ల సంఘాలూ ఉన్నాయని మీకు చెబుతారు. జాగ్రత్తగా వినండి. వాళ్లలో చాలామంది అడుగుతున్నది ఇళ్ల యజమానులకు లైసెన్సులు ఇమ్మని కాదు, తమ మీద కేసులు ఎత్తేయమని. కోల్‌కతా సోనాగాచీలో దర్బార్ మహిళా సమన్వయ కమిటీ వాళ్లు 1990లలోనే తమ స్వీయ నియంత్రణ బోర్డులు పెట్టుకున్నారు. కొత్తగా ఎవరు వచ్చినా వయసు, రావడానికి కారణం ఆరా తీసి, మైనరైతే, బలవంతంగా తెచ్చినదైతే వెనక్కి పంపే ఏర్పాటు చేసుకున్నారు. బయటినుంచి వచ్చే ఇన్‌స్పెక్టర్‌కు తెలియనిది గల్లీలో ఉన్న ఆడమనిషికి మొదటి రోజే తెలుస్తుంది. ఆమె ఆ మాట పోలీసుకు చెప్పాలంటే ముందు పోలీసంటే భయం పోవాలి. మేడమ్ చేతికి లైసెన్సు ఇస్తే ఆ గల్లీలో ఎవరి మాట చెల్లుతుందో ఆలోచించండి.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. పీటాలో సెక్షన్ 8, 20 ఎత్తేస్తూ, సెక్షన్ 7లో ఆమెకు శిక్ష తీసేస్తూ, కలిసి ఉండే ఇద్దరిని నేరస్తులను చేసే మాటలను నిర్వచనం నుంచి తొలగిస్తూ, సెక్షన్ 4 నుంచి ఆమె తల్లిదండ్రులను, పిల్లలను మినహాయిస్తూ, పద్దెనిమిదేళ్లు దాటిన ఆడమనిషిని ఆమె ఇష్టం లేకుండా హోమ్‌లో ఉంచే వీలు లేకుండా ఒక చిన్న సవరణ బిల్లు తెమ్మని పార్టీలకతీతంగా అడగండి. ప్రభుత్వం తేకపోతే ప్రైవేటు బిల్లు పెట్టండి. విటుడి సంగతి అందులో కలపకండి, 2006లో బిల్లు మునిగింది అక్కడే. ఇల్లు నడిపేవాళ్ల మీది సెక్షన్లు అలాగే ఉండాలి.

చట్టం మార్చకుండానే రేపే మొదలుపెట్టగలిగింది ఒకటుంది, దాని సంగతి మీలో చాలామందికి తెలియకపోవచ్చు. వెట్టి కార్మికుల పునరావాసానికి 2016లో కేంద్రం సవరించిన పథకంలో, వ్యభిచార గృహాల నుంచి, మసాజ్ పార్లర్ల నుంచి విడిపించిన ఆడవాళ్లకు మూడు లక్షల రూపాయల సాయం రాసి ఉంది. దానికి ముందుగా కావాల్సింది వెట్టి నుంచి విడుదల పత్రం. ఇచ్చేది కలెక్టరో ఆర్డీవోనో. అడ్వాన్సు అప్పుకు కట్టుబడి కదలలేకుండా పనిచేయించడమే వెట్టి అయితే ఈ ఆడవాళ్లది అక్షరాలా వెట్టి. ఆ పత్రం చేతికి వస్తే 1976 చట్టం ప్రకారం ఆ అప్పు చెల్లదు, మేడమ్ నోటుపుస్తకానికి విలువ ఉండదు. రైడ్ తర్వాత ఆడమనిషిని మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లే దారిలోనే ఆర్డీవో ఆఫీసు ఉంటుంది. నేను దాఖలు చేసిన దరఖాస్తులకు వచ్చిన మౌఖిక జవాబు ఒకటే: 'అది ఇటుక బట్టీ వాళ్లకండీ'.

కాబట్టి వచ్చే సమావేశాల్లో మీలో ఎవరో ఒకరు ఒక్క ప్రశ్న వేయండి, నక్షత్ర గుర్తు లేనిదైనా, అంటే రాతలో జవాబిచ్చేదైనా పర్వాలేదు. 2016 నుంచి ఇప్పటిదాకా రెండు తెలుగు రాష్ట్రాల్లో వ్యభిచార గృహాల నుంచి విడిపించిన ఆడవాళ్లలో ఎంతమందికి వెట్టి విడుదల పత్రం ఇచ్చారు, ఎంతమందికి ఆ మూడు లక్షలు అందాయి, జిల్లాలవారీగా లెక్క చెప్పండి అని. జవాబు రాగానే మీ నియోజకవర్గం కలెక్టర్‌కు ఫోన్ చేసి ఆ జిల్లా గడిలో ఉన్న అంకె గురించి అడగండి.

ఇట్లు,
అనంతపురం జిల్లాలో ఓటున్న ఒక న్యాయవాది